పస్తు పెట్టని మంగళవారం

నీళ్ల పరీక్షకి రెండు రోజుల ముందు నుంచీ చేపల్ని పస్తు పెట్టడం మా ఏటి పొడుగునా ట్రౌట్ పెంచేవాళ్లందరికీ అలవాటు. తినని చేప నీళ్లు పాడు చెయ్యదు. మునిసిపాలిటీ మనిషి వచ్చి, ఫారం నుంచి ఏట్లోకి పోయే నీళ్లు సీసాల్లో పట్టుకుంటుంది. నీళ్లు తేటగా ఉంటాయి. అందరూ కలిసి కాఫీ తాగుతారు. దీన్ని ఎవరూ మోసమనుకోరు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోమా అంటాడు ఆస్గర్.

ఆస్గర్ మా ఫారం యజమాని. అతని దగ్గర నేను ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నా పనంతా చేపలు వదిలే మడ్డితోనే. రోజూ పొద్దున ఆరింటికి, చేపల కాలవల అడుగున ఉన్న గుంటల్లోంచి నిలువు గొట్టాలు ఒక్కొక్కటే పైకి లాగుతాను. పేరుకున్న మడ్డి బుడబుడమంటూ తేర్చే తొట్టిలోకి పోతుంది. అడుగున దిగింది రెల్లు మడిలో ఆరి, కొన్నాళ్లకి నల్లమట్టయి, పక్కనున్న బార్లీ చేలోకి చేరుతుంది. పైన తేరిన నీళ్లు మా పాత చెరువుల్లో పెంచిన మొక్కల మధ్య మెల్లగా తిరిగి ఏట్లో కలుస్తాయి. ఆ మొక్కల్లో సగం నేను నడుంలోతు నీళ్లలో నిలబడి నాటినవే.

ఈ వసంతంలో మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట మడ్డిని ట్యాంకర్లలో ఎనభై కిలోమీటర్ల అవతలున్న ప్లాంటుకి పంపాలి. ఇక్కడే శుద్ధి చేసుకుంటామనేవాళ్లు పరీక్షలో ఒకసారి రుజువు చేసుకోవాలి. ట్యాంకర్లు పెట్టుకుంటే మా అంత చిన్న ఫారం ఏడాది కూడా నిలబడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి పైకి అనుకోలేదు.

"ఆదివారం నుంచి మేత ఆపెయ్. మంగళవారం మునిసిపాలిటీ నుంచి యిట్టె వస్తోంది," అన్నాడు ఆస్గర్ మధ్యాహ్నం రొట్టె తింటూ.

"ఆపితే ఏం రుజువవుతుంది?"

"పర్మిషన్ వస్తుంది."

"ఆకలి చేప నీళ్లు పాడు చెయ్యదని రుజువవుతుంది. ఆ సంగతి కప్పలకి కూడా తెలుసు."

ఆస్గర్ నమలడం ఆపాడు. "ఆరేళ్లలో నువ్వు ఇంత పొడుగు మాట మాట్లాడ్డం ఇదే మొదలు. హెర్రింగ్ చేప వేసుకో."

నేను నా నోట్‌బుక్ తెచ్చి అతని పళ్లెం పక్కన పెట్టాను. రోజూ నీళ్లు చూసి రాసుకునే అలవాటు నాది. ప్రతి పరీక్షకీ మర్నాడు మళ్లీ నిండా మేత వేస్తాం. ఆ తర్వాతి వారం మా నీళ్లు ఏడాది మొత్తంలోకీ చెడ్డగా ఉంటున్నాయి. మా నీళ్లు వడకట్టే గులకరాళ్ల మీద బతికే సూక్ష్మజీవులకి ఆహారం ఆ మురికే. రెండు రోజులు చేపల్ని పస్తు పెడితే అవీ నీరసించిపోతాయి. మళ్లీ ఒక్కసారిగా మురికి వస్తే తట్టుకోలేవు. శుభ్రంగా ఉన్నామని చూపించుకోవడానికే మేం ఏరు పాడు చేస్తున్నాం.

ఆస్గర్ నాలుగు పేజీలు తిప్పాడు. "రాత బాగుంది," అన్నాడు. "ఆదివారం ఆపెయ్."

శనివారం అతను చెల్లెలి పాతికేళ్ల పెళ్లిరోజుకని ఆల్బోర్గ్ పట్నం వెళ్లాడు. ఆదివారం నేను మూడు వందల కిలోల మేత వేశాను. సోమవారమూ అంతే. మంగళవారమూ అంతే.

మంగళవారం తొమ్మిదింటికి అతని కారూ, యిట్టె కారూ ఒకదాని వెనక ఒకటి వాకిట్లోకొచ్చాయి. ఆస్గర్ కాలవలోకి చూశాడు. చేపలు మేత మీద పడి నీళ్లని ఉడికిస్తున్నాయి. అతని మొహం మెడ దగ్గర్నుంచి ఎరుపెక్కింది.

యిట్టె కూడా వంగి చూసింది. "ఈ ఏటి మీద పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను. పరీక్ష రోజున చేపలు ముడ్డి కడుక్కోకుండా కనిపించడం ఇదే మొదటిసారి. మేత వేశారా?"

ఆస్గర్ నా వైపు తిరిగాడు.

"వేశాను," అన్నాను. "మూడు వందల కిలోలు. నిన్నా, మొన్నా కూడా."

ఆమె రాసుకుంది. ఒక రాత్రీ పగలూ నీళ్లు పట్టే పెట్టెని బయటికిపోయే కాలవ దగ్గర బిగించి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆస్గర్ నన్ను తిట్టలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. మా ప్రాంతంలో అది తిట్టడం కన్నా ఎక్కువ.

శుక్రవారం ప్రెబెన్ వచ్చాడు. ఏటి దిగువన అతనికి మా కన్నా నాలుగింతల పెద్ద ఫారం ఉంది. పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుడు కూడా. టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. నేను పొరపాటున మేత వేశాను కాబట్టి ఆ పరీక్ష రద్దు చేసి మళ్లీ చెయ్యాలని మునిసిపాలిటీకి నా పేరు మీద అందులో రాసి ఉంది.

"ఇంకా ఫలితం రాలేదు. ఇప్పుడే పంపితే రద్దు చేస్తారు," అన్నాడు. "సంతకం పెట్టు, అమ్మాయ్. నీ ముచ్చట కోసం పద్నాలుగు ఫారాలు ముంచుతావా? రేపు మా దగ్గరా మేత వేసిన రోజే వచ్చి పట్టుకుంటారు."

"పట్టుకోనీ."

"మా దగ్గర నీళ్లు పరీక్ష దాటవు."

"అయితే మొక్కలు నాటుకో. పిలకలు నేనిస్తాను."

ప్రెబెన్ ఆస్గర్ వైపు తిరిగాడు. "ఇది నీ ఫారమా, దీనిదా?"

ఆస్గర్ పెన్ను తీసి నా ముందు పెట్టాడు. "పేరు నీది రాశారు. నువ్వే చెప్పు."

సంతకం పెడితే ఆకలి చేపలతో మళ్లీ పరీక్ష జరుగుతుంది, తప్పకుండా నెగ్గుతాం. పెట్టకపోతే ఆ పెట్టెలో ఏం పట్టుబడిందో అదే మా గతి. "పొరపాటున" అన్న మాట కొట్టేసి, పైన "కావాలనే" అని రాశాను. కింద మూడు రోజుల మేత లెక్క రాసి, సంతకం పెట్టి ప్రెబెన్‌కి ఇచ్చాను.

"ఇది పంపుకో," అన్నాడు ఆస్గర్ అతనితో. "పంపకపోతే నేను పంపుతాను."

పది రోజులకి ఫలితం వచ్చింది. ఫాస్ఫరస్ హద్దుకి సగం కన్నా తక్కువ. అమ్మోనియా హద్దుకి వెంట్రుకవాసి లోపల. మడ్డి ఇక్కడే శుద్ధి చేసుకోవచ్చని రాశారు. ఇకమీదట ఏటి మీద అన్ని ఫారాల్లోనూ చెప్పకుండా వచ్చి, మేత వేసిన రోజునే నీళ్లు పడతామని కూడా రాశారు.

ఇప్పుడు సహకార దుకాణంలో నన్ను చూస్తే సంఘం వాళ్లు పాల డబ్బాల వైపు తిరిగి నిలబడతారు. నేను వాళ్ల పక్కనే నిలబడి, నాక్కావలసిన పాలు తీసుకుని వస్తాను.