తుంగపురుగుకు పేరు

చిక్కపేటలో సొన్నమ్మ బియ్యంలో రాళ్లేరే వేళకు వాకిట్లో ఇద్దరు ముగ్గురు కాచుకొని ఉండేవారు. ఒకరి కోడి రాత్రి గూటికి రాలేదు. ఇంకొకరి మేక పలుపు తెంపుకొని పోయింది. సొన్నమ్మ చేట దించకుండానే పేరడిగి, ఒక్క పిలుపు పిలిచేది. కోడైతే గోడ దూకి వచ్చేది. మేకైతే కాసేపటికి సందు మొదట్లో కనబడేది. పేరు సరైనదైతే చాలు. ఒకసారి తమ అంగడిలో పట్టుచీర ఎత్తుకుపోయినవాణ్ణి పిలిస్తే రాలేదు. "దొంగపేరు చెప్పినాడు," అని భర్త చెన్నరాయప్ప అంగడి తెరవడానికి వెళ్లిపోయాడు. ఇందులో ఎవరికీ వింత తోచలేదు. ఎదురింటామెకు వడియాలు బాగా కుదిరేవి, సొన్నమ్మకు పిలుపు కుదిరేది.

ఆ ఏడు యుద్ధం నడుస్తోంది. బియ్యానికి రేషను వచ్చింది. పైరు మీద పురుగంటేనే జనం హడలిపోతున్నారు. ఒక పొద్దున సొన్నమ్మ అన్న ఆదినారాయణప్ప గబగబా వచ్చాడు. ఆయన సర్కారు వ్యవసాయశాఖలో పురుగుల ఆఫీసరు.

"సొన్నా, హొసకోటెకు రావల్ల. ఒక పురుగు ఎక్కడ కాపురముండేదో తెలుసుకోవల్ల," అన్నాడు.

అక్కడ చిక్కమునియప్ప అనే రైతు వరిపైరు పసుపుబారింది. అతని గుడిసెలో లాంతరు కింద చిన్నచిన్న పురుగులు కుప్పలుగా రాలుతున్నాయి. సుడిదోమ పట్టిందని పక్క రైతులు గోల పెట్టారు. అది వరిని సుడులు సుడులుగా ఎండబెట్టే పురుగు. తమ మడులకు పాకకముందే ఆ పైరు కాల్చేయాలని పట్టుబట్టారు.

"నాకైతే అది సుడిదోమ కాదనిపిస్తాది. అచ్చం అట్లనే ఉండాది గానీ, వీపు మీద తెల్లగీత ఉండాది. వరిలోనే పుట్టిందో, లాంతరు చూసి ఇంకో తావు నుంచి వచ్చిందో చచ్చిన పురుగు చెప్పదు కదా. సాయంత్రంలోగా తేల్చకపోతే అగ్గి పెడతారు."

చెన్నరాయప్ప అంగడి మూసి తానూ బయలుదేరాడు. పెట్రోలు దొరకని రోజులు, బస్సు బొగ్గుపొగతో నడుస్తోంది. మిట్ట వచ్చినప్పుడల్లా అందరూ దిగి తోశారు.

మడి చెరువు కిందనే ఉంది. చిక్కమునియప్ప గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పక్కమడి పెద్దమునియప్ప కిరసనాయిలు డబ్బా పట్టుకొని వచ్చాడు. దీపాలకే నూనె లేని కాలంలో ఊరంతా తిరిగి పోగుచేసిన నూనె అది.

"మా ఇంట్లో ఆరు నోళ్లుండాయి తల్లీ. ఇది పోతే గడ్డి తినల్ల," అన్నాడు చిక్కమునియప్ప.

సొన్నమ్మ మడి వైపు తిరిగి, "సుడిదోమా, రా," అని పిలిచింది. పైరులో ఆకు కూడా కదల్లేదు.

"చూసినారా!" అన్నాడు ఆదినారాయణప్ప.

"ఏం చూసేది సామీ? దాని పేరు అది కాదేమో. రాలేదంటే పురుగు లేదని యాడుండాది?" అన్నాడు పెద్దమునియప్ప. ఆ మాట న్యాయంగానే ఉంది. ఉన్న పురుగును దాని పేరుతో పిలిస్తేనే అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిసేది.

"దీని పేరేంది అన్నా?" అంది సొన్నమ్మ.

"దీనికింకా ఎవరూ పేరు పెట్టలేదమ్మా. నువ్వే పెట్టల్ల."

గుడిసెలో ప్రాణంతో దొరికిన ఒక్క పురుగు గాజుబుడ్డిలో గడ్డిపోచ మీద కూర్చుని ఉంది. నువ్వుగింజంత ఉంది. అన్న ఇచ్చిన భూతద్దంలో చూస్తే వీపు మీది గీత చంటిపిల్లకు తీసిన పాపటలా కనబడింది.

"బిడ్డకైతే చెవిలో చెప్తాము. దీని చెవులు యాడుండాయి?"

"చెవులుండవు. కూర్చున్న పోచ అదిరితే కాళ్లతో వింటాదని నేననుకుంటా."

సొన్నమ్మ పోచ బయటికి తీసి, కొసకు పెదవులు ఆనించి, "గడ్డిపాపా" అంది. పురుగు కదల్లేదు. "తెల్లగీతమ్మా" అంది. అదీ అతకలేదు. ఊరికే తోచిన పేర్లు అతకవని ఆమెకు తెలుసు. మనసులో పెంచుకున్న పేరే అతుకుతుంది.

అలాంటి పేరు ఆమె దగ్గర ఒకటే ఉంది. తొలికాన్పు ఆడపిల్ల నామకరణం కాకముందే పోయింది. ఆ పిల్లకు అనుకున్న పేరు సొన్నమ్మ ఏనాడూ పైకి అనలేదు. ఊళ్లోవాళ్ల కోళ్లనూ మేకలనూ పిలిచిన నోటితో ఆ పేరు పిలిస్తే, ఏమీ రాకపోతే ఎలా అని భయం. అదేమిటని చెన్నరాయప్ప అడగలేదు. అడిగితే ఏడుస్తుందని ఆయన భయం.

పెద్దమునియప్ప డబ్బా మూత తిప్పుతున్నాడు. చిక్కమునియప్ప అటు చూడలేక తల తిప్పుకున్నాడు.

సొన్నమ్మ కళ్లు మూసుకొని, పోచకు పెదవులు ఆనించి, మూడుసార్లు మెల్లగా చెప్పింది. పురుగు మీసాలు నిక్కాయి. అప్పుడామె లేచి నిలబడి గొంతెత్తింది.

"నాంచారీ! రామ్మా!"

వరిమడి నిమ్మళంగానే ఉంది. చెరువు తూము దగ్గర తుంగ మాత్రం గాలి లేకుండానే గలగలలాడింది. అందులోంచి పురుగులు పొట్టు చెరిగినట్టు లేచి, పైరు మీద ఒక్కటీ వాలకుండా దాటుకొని వచ్చి, సొన్నమ్మ చీర మీద, చేతుల మీద, జుట్టులో కూర్చున్నాయి. ముదురాకుపచ్చ చీర బూడిదరంగుకు తిరిగింది. ఆమె కదలకుండా నిలబడింది. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, పురుగులు నలుగుతాయని.

"తుంగలో ఉండేదప్పా ఇది. వరి దీనికి తిండి కాదు. నీ మడికి పట్టింది నీళ్ల కొరత, తూము సరిచేయల్ల," అన్నాడు ఆదినారాయణప్ప.

పెద్దమునియప్ప మూత బిగించి, "తూముకు నేనూ పార పడతా," అన్నాడు. చిక్కమునియప్ప మడిలోకి దిగి పైరును అరచేత్తో నిమిరాడు.

సొన్నమ్మ "పోండమ్మా" అంటే పురుగులు తుంగకు మళ్లాయి.

తిరుగుబస్సులో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. మునుపెన్నడూ ఆ బిడ్డ ఊసు వాళ్ల మధ్య రాలేదు. చాలా దూరం పోయాక చెన్నరాయప్ప ఆ పేరును నోట్లో వేసుకున్నట్టు మెల్లగా అన్నాడు.

"నాంచారి."

సొన్నమ్మ తిరిగి చూసింది. ఇంకొకరి నోట ఆ పేరు వినడం ఆమెకు అదే మొదలు.

"ఉండింటే ఈపాటికి బడికి పోతా ఉండునే," అన్నాడాయన.

"ఊ. మీ ముక్కే వచ్చిండె."

"పాపం," అన్నాడు చెన్నరాయప్ప, తన ముక్కు తడుముకుంటూ. సొన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. మిట్ట వచ్చింది. బస్సు తోయడానికి అందరూ దిగినా వాళ్లిద్దరినీ ఎవరూ లెమ్మనలేదు.