తెల్లజుట్టు నౌకరి

కొత్త నౌకరి అడగపోయే ముందు రాంచందర్ నెత్తికి నల్లరంగు పూసుకున్నడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన మనిషి. అసొంటోనికి ఎవడిస్తడు కొలువు? చదువు ఎట్లాగూ లేదు, వయసన్న జర తక్కువ కనబడితే నయమనుకున్నడు. ఇన్నేండ్లు యూనివర్సిటీ హాస్టల్ మెస్సుల పిల్లలకు వడ్డించిండు. మెస్సు కాంట్రాక్టరు మారంగనే కొత్తోడు తన మనుషులను తెచ్చుకున్నడు. పాతోళ్ళను గరిటెలు కిందపెట్టి పొమ్మన్నడు. అంతే, ఒక మంచి మాట లేదు, చెడ్డ మాట లేదు.

తార్నాక మెయిన్ రోడ్డు మీద మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే కంపెనీ సర్వీస్ సెంటర్ ఒకటున్నది. దాని మేనేజర్ సంజీవ్ రాంచందర్‌కు కొడుకు వయసోడు. సర్టిఫికెట్లు అడగలేదు. నెత్తి దిక్కు చూసిండు.

"ఏంది అంకుల్, డై వేసిన్రా?"

దొంగతనం బయటపడ్డట్టు రాంచందర్ తల దించుకున్నడు.

"ఇగ వెయ్యకుర్రి. నాకు తెల్లజుట్టే కావాలె. కౌంటర్ల పడుచు పోరగాళ్ళను కూసోబెడితే కస్టమర్లు కాలర్లు పడుతున్నరు. పెద్దమనిషిని చూస్తే చెయ్యి లేవదు, నోరు గూడ సగం తగ్గుతది."

అట్ల దొరికింది కస్టమర్ కేర్ నౌకరి. రంగు దిగినకొద్దీ తెల్లవెంట్రుకలు బయటికొచ్చినయి. మేనేజర్ మురిసిపోయిండు. బౌద్ధనగర్ ఇంట్ల భార్య స్వరూప గూడ మురిసింది. అంగీకి పెట్టుకునే పేరు బిళ్ళను కొంగుతో తుడిచి, "ఏసీల కూసునే కొలువు. ఇగ నీ బట్టలు పోపు వాసన రావు" అన్నది.

పని నేర్పుడు ఒక్క పూటల అయిపోయింది.

"కస్టమర్ ఎంత తిట్టినా నవ్వాలె. 'మీ బాధ నాకు అర్థమైంది' అనాలె. పార్ట్ రాదని మాత్రం నోట్లకెళ్ళి రావద్దు. రెండు దినాలల్ల వస్తదనాలె" అన్నడు సంజీవ్.

"రెండు దినాలకు రాకుంటే సార్?"

"మళ్ళ రెండు దినాలు. పాత మోడల్‌కు మోటర్లు కంపెనీ బంద్ చేసింది అంకుల్. జనం తిరిగి తిరిగి యాష్టకొచ్చి ఎక్స్‌చేంజ్‌ల కొత్తది కొంటరు. మన టార్గెట్ గదే. నెలాఖరు దాక గిట్ల నడిపిస్తే మిమ్మల్ని పర్మనెంట్ చేయిస్తా."

రాంచందర్‌కు మెస్సు యాదికొచ్చింది. పప్పుల నీళ్ళు పోసినోడు లోపల కూసుంటడు, గరిటె పట్టినోడు తిట్లు తింటడు. గీడ గూడ గదే. చదువుకున్నోడు అద్దాల గదిల కూసోని అబద్ధం తయారు చేస్తడు, చదువు రానోడు దాన్ని నెత్తిన పెట్టుకొని మోస్తడు. ఒళ్ళు మండింది. మండినా మోసిండు. వచ్చినోళ్ళు, "నీ జుట్టు చూసి ఊకుంటున్న పెద్దాయనా, లేకుంటేనా..." అని పండ్లు కొరుక్కుంట పోతుండిరి.

గట్ల ఉండంగ ఒకనాడు సారలమ్మ వచ్చింది. ఆమెది క్యాంపస్ పక్కన మాణికేశ్వర్ నగర్. హాస్టల్ గోడ పక్కన ఇడ్లీలు అమ్ముకొని బతుకుతది. మెస్సుల పని అయినంక రాంచందర్ రోజూ ఆమె బండి కాడనే చాయ తాగేటోడు. ఆటోల గ్రైండర్ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఆయనను చూసి మొఖమంత వెలిగిపోయింది.

"రాంచంద్రన్నా! నువ్వా గీడ? ఇగ నాకేం ఫికర్ లేదు. మోటర్ కాలింది జూడు."

గ్రైండర్ చూసిండు. పాత మోడల్. మోటర్ ఈ జన్మల రాదు. అద్దం వెనుకకెళ్ళి సంజీవ్ ఇటే చూస్తుండు.

"రెండు దినాలల్ల వస్తది, సారలమ్మా."

వచ్చింది మోటర్ గాదు, సారలమ్మ. మళ్ళ రెండు దినాలన్నడు. మళ్ళ వచ్చింది. లైన్ల ఎవడన్న గట్టిగ ఒర్లితే ఈమె వాని మీదికి లేచేది. "పెద్దమనిషి మీద ఏం నోరది? ఆయన మాటంటే మాటే. నాకు ఎన్నేండ్లకెళ్ళి ఎరుక." చెంపకేసి కొట్టినా రాంచందర్‌కు అంత మంట పుట్టకపోతుండె.

ఒకపాలి సారలమ్మే అడిగింది. "అన్నా, మా బస్తీల వీరస్వామి కాలిన మోటర్‌కు కొత్తగ తీగ చుడతా అంటుండు. ఈ గ్రైండర్ వాపస్ ఇస్తవా?"

గ్రైండర్ పోతే ఎక్స్‌చేంజ్ పోతది, ఎక్స్‌చేంజ్ పోతే పర్మనెంట్ పోతది. రాంచందర్ నాలుక తనంతట తనే తిరిగింది. "బయటోడు ముట్టుకుంటే మొత్తానికే ఖరాబైతది. ఇంకో రెండు దినాలు ఆగు, చెల్లే."

చెల్లే అన్నడు. అని గూడ అబద్ధమే చెప్పిండు.

ఆ ఐతారం పొద్దున మనసు ఆగక క్యాంపస్‌కు పోయిండు. హాస్టల్ గోడ పక్కన సారలమ్మ జాగల వేరేటోళ్ళ బండి ఉన్నది. చుట్టు పిల్లలు ప్లేట్లు పట్టుకొని నిలబడ్డరు. జర దూరంల, ఎండల, సారలమ్మ తన బండి పక్కన ఇడ్లీ గిన్నె ముందట పెట్టుకొని ఒక్కతే కూసున్నది. ఈగలు తోలుకుంటున్నది.

ఒక పిలగాడు రాంచందర్‌ను గుర్తుపట్టిండు. "మెస్ అంకుల్! బాగున్నవా?"

"ఆమె కాడికి ఎవరు పోతలేరేందిరా?"

"మిక్సీల రుబ్బుతుందంట అంకుల్. ఇడ్లీ గోడకేసి కొడితే గోడే పలిగేటట్టున్నది." పక్కనోళ్ళు కిసకిస నవ్విండ్రు. "ఎప్పుడడిగినా, 'మీ మెస్ అంకుల్ గ్రైండర్ తెప్పిస్తుండు, జర ఆగుర్రి బిడ్డా' అంటది. ఎన్నొద్దులని ఆగుతం? ఆకలైతది గద!"

ఆ పిలగాని మీద కోపమొచ్చింది. కొత్త బండోని మీద, సంజీవ్ మీద, కంపెనీ మీద వచ్చింది. అందరి మీద తిరిగి తిరిగి ఆఖరికి సొంత నాలుక మీదికొచ్చి ఆగింది. సారలమ్మకు కనబడకుంట గోడ చాటుకెళ్ళి ఇంటికి మళ్ళిండు.

సోమారం సెంటర్ కిటకిటలాడుతున్నది. సారలమ్మ లైన్ల నిలబడ్డది. ఆమె ముందటున్న పడుచోడు కౌంటర్ మీద గుద్ది, "ఎన్నిసార్లు తిప్పుతరయ్యా మమ్మల్ని!" అని లేచిండు.

"అరేయ్, మెల్లగ మాట్లాడు. పెద్దమనిషి" అన్నది సారలమ్మ.

సంజీవ్ వచ్చి రాంచందర్ చెవుల ఊదిండు. "ఆమె మీ మాట వింటది. ఎక్స్‌చేంజ్‌కు ఒప్పిస్తే ఇయ్యాల్నే పర్మనెంట్."

రాంచందర్ అరికాలి మంట నెత్తికెక్కింది.

"సారలమ్మా, నీ మోటర్ రాదు" అన్నడు. మెస్సుల నిండు హాలుకు వినబడేటట్టు ఒర్లిన గొంతు అది. "రేపు రాదు, ఎన్నడూ రాదు. కంపెనీ బంద్ చేసింది. పాత మోడల్ ఎవరిదైనా గంతే. మీరు యాష్టకొచ్చి కొత్తది కొనాలని తిప్పుతుండ్రు. నాకు మొదటి దినంకెళ్ళి ఎరుక."

ఆ మీద గదంత గత్తరగత్తరైంది.

"మైండ్ ఖరాబైందా అంకుల్?" సంజీవ్ ఉరికొచ్చిండు.

"మైండ్ మంచిగనే ఉన్నది. నోరే ఖరాబైంది, నీ కాడ."

"పో బయటికి! నీ అసొంటి తెల్ల నెత్తులు తార్నాక నిండ దొరుకుతయ్!"

రాంచందర్ పేరు బిళ్ళ తెంపి కౌంటర్ మీద కొట్టిండు. లోపలికి పోయి సారలమ్మ గ్రైండర్ రాళ్ళతో సహా భుజానికెత్తుకొని వచ్చిండు. వాకిట్ల ఆ పడుచోడు అడ్డమొచ్చి కాలర్ పట్టిండు.

"ముసలోడా, నాకు గూడ గట్లనే చెప్పినవ్ గదరా! మా అమ్మను గీ మెట్లు ఎన్నిసార్లు ఎక్కించినవ్!"

ఒక్క గుంజుడుకు గుండీలు తెగి రాలినయి. అడ్డమొస్తదేమోనని రాంచందర్ సారలమ్మ దిక్కు చూసిండు. ఆమె చూసుకుంట నిలబడ్డది, గంతే.

ఎట్లనో విడిపించుకొని రోడ్డు మీదికొచ్చి ఆటోను ఆపిండు. గ్రైండర్ లోపల పెడుతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు."

"చెల్లే, నౌకరి ఇడిచిపెట్టి వచ్చిన..."

"నీ నౌకరి నాకెందుకు? నేను వాపస్ అడిగిన నాడు ఈ ముక్క చెప్తే వీరస్వామి ఎప్పుడో చుట్టేస్తుండె. నా జాగ నాకుంటుండె. ఆనాడు ఏమైంది నీ నోటికి?"

గ్రైండర్‌ను తనే ఎత్తుకొని సీటు మీద పెట్టింది. ఆటో డ్రైవర్ రాంచందర్ చిరిగిన అంగీని, తెల్ల నెత్తిని చూసిండు.

"పెద్దమనిషి ఎక్కుతలేడా అమ్మా?"

"ఏ పెద్దమనిషి?" అన్నది సారలమ్మ. "నువ్వు పోనియ్యి."