నీలమ్మ చూపిన బోడగుట్ట

ముడిమ్యాలలో మా గొర్రెల దొడ్డి దగ్గరికి ఆ పిల్ల ఫోను పట్టుకుని రాగానే మా అత్త నీలమ్మ నా చెవిలో గొణిగింది: "సర్వేకొచ్చింది. నోరు జాగ్రత్త."

ఆ పిల్ల పేరు అనూహ్య. వెనకట వానాకాలంలో ఏ బీడును మేపకుండా వదిలేవారో ముసలివాళ్లను అడిగి రికార్డు చేస్తుందట. అది విని ఊరి కాపరులంతా మేత కాపాడుకోవాలట. వినడానికి బాగానే ఉంది! పోయినేడు "ఊరికే అడుగుతున్నం" అన్నవాళ్లు వెళ్లిన నెలకే తుమ్మల బీడు చుట్టూ ఫెన్సింగు లేచింది. మాకు మిగిలింది వాగు బీడొక్కటే. వానలు పడ్డాక గడ్డి గింజ రాలేదాకా అందులో మంద దింపకూడదన్నది పాత కట్టుబాటు. మా ఇంట్లో తప్ప అది ఎవరికీ గుర్తులేదు. ఆ బీడు పోతే మంద అమ్ముకోవాల్సిందే.

"అవ్వా, వానాకాలం ఏ జాగ ఆపేటోళ్లు?" అంది అనూహ్య.

అత్త తడుముకోలేదు. "బోడగుట్ట, బిడ్డా. దసరా దాక గొర్రెను ఎక్కనియ్యకపోతుండె."

"మరి వాగు బీడు?"

"అండ్ల ఏమున్నది? ఎవరన్న మేపుకోవచ్చు."

బోడగుట్ట మీద ఉన్నదంతా బండలే. నవ్వాగక కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల వెళ్లాక, "ఎట్ల చెప్పిన?" అంది అత్త, లేని మీసం మెలేస్తూ.

వానలు పడ్డాయి. ఒకనాడు పొద్దున్నే వాగు వైపు గొర్రెల అరుపులు వినిపించి ఇద్దరం ఉరికాం. ఊరి మందలన్నీ వాగు బీడులోనే! లేత గడ్డిని వేళ్లతో సహా పీకుతున్నాయి.

"ఓ యాదగిరీ! తోలు అవతలికి! గింజ గూడ పట్టలే!" అని అరిచింది అత్త.

ముందున్న మంద యాదగిరిది. "నీ మాట మీదనే వచ్చినం గదా అవ్వా. మీటింగుల నీ రికార్డు వినిపించిర్రు. బోడగుట్ట ఆపితే గడ్డి మళ్లొస్తదేమో అని అందరం ఒప్పుకున్నం."

అత్త తల బాదుకుంది. "అబద్ధమాడిన్రా! ఆ పిల్ల జాగ గుంజుకుంటదని భయపడ్డ. ఆపేది ఈ బీడే!"

యాదగిరి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇప్పుడు మాట మారుస్తున్నవంటే... నీ గొర్లకే దాసుకుందమనా?"

అత్త నా చెయ్యి పట్టి ముందుకు లాగింది. "నువ్వన్న చెప్పవే నిర్మలా," అంది నాతో.

చెప్పాను. ఒట్టేసి మరీ చెప్పాను.

"కోడలు అత్త దిక్కే మాట్లాడుతది తీయ్," అని యాదగిరి మందను ఇంకా లోపలికి అదిలించాడు.