సామాన్ల దగ్గర మనిషి

"సామాన్ల దగ్గర నువ్వుండు, మేం చూసొస్తాం."

పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో మావారు నాతో ఎక్కువసార్లు అన్న మాట ఇదేననుకుంటాను. ఏ ఊరు వెళ్ళినా అంతే. బస్సు దిగగానే నీడ ఉన్న బెంచీ ఒకటి వెతికి, సంచులు, ట్రంకు పెట్టె, నీళ్ళ సీసాలతో సహా నన్ను అక్కడ దించి, మిగతావాళ్ళని తీసుకుని వెళ్ళేవారు. కోపంగా ఒక్కసారీ అనలేదు. "నీకెలాగూ మెట్లెక్కితే ఆయాసం" అని నా మేలు కోరినట్టే చెప్పేవారు. మొదటిసారి అలా అన్నప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, ఆయాసమంటే ఏమిటో తెలీదు. అత్తగారు ఇంకో మాట కలిపేవారు, ఇల్లాలు ఉన్నచోటే ఇల్లు, ఆ బెంచీయే ఇల్లనుకోమని. నేనూ అనుకున్నాను. పిల్లల తడిబట్టలు దాని వీపుమీదే ఆరేసేదాన్ని.

అలా చాలా ఊళ్ళు తిరిగాను. ఏ బస్టాండులో కుళాయి ఏ మూలన ఉందో, ఏ స్టేషన్ గడియారం ఎన్ని నిమిషాలు వెనక నడుస్తుందో చెప్పగలను. ఊళ్ళు మాత్రం చూడలేదు. బడికి వెళ్ళని నాకు అక్షరాలు వచ్చింది కూడా ఆ బెంచీల మీదే. కండక్టరు ఊరిపేరు అరుస్తుంటే, ఎదురుగా ఉన్న బోర్డు మీద ఆ పేరు ఏదై ఉంటుందా అని వెతుక్కునేదాన్ని. బోర్డుల తర్వాత పొట్లాల కాగితాలు, వాటి తర్వాత నవలలు.

ఒకసారి మా చెల్లెలు కూడా మాతో వచ్చింది. సముద్రం ఒడ్డున ఊరు, అక్కడో లైట్‌హౌస్. రెండు గంటల తర్వాత జుట్టంతా రేగిపోయి తిరిగొచ్చింది. "అక్కా, పైనుంచి చూస్తే సముద్రం అంచు వంగి ఉందే. మళ్ళీసారి మనిద్దరమే వద్దాం. సంచి కూడా వద్దు" అంది. మర్నాడు తన ఊరి బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి చనిపోయింది. అప్పట్నుంచి ఎవరు గడప దాటినా నాకు భయమే. ఆయన కూరగాయలకి వెళ్ళినా సరే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తాను.

మొన్న డాక్టరు నా మోకాళ్ళు చూసి, ఇంకో ఏడాదిదాకా మెట్లెక్కగలరు, ఆపైన నేను చెప్పలేనన్నాడు. ఇంటికొచ్చేసరికి నా తలనిండా లైట్‌హౌసే ఉంది. పక్క వీధిలో ఉండే ఆడపడుచుతో చెప్పాను. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మాటకి వెరవదు. తనూ వస్తానంది.

వారం రోజులు కూర్చుని పాత కేలెండరు కాగితాల వెనక ప్రయాణమంతా రాశాను. నాలుగు రోజులు. నగరంలో రైల్వే స్టేషనుకి ఎదురుగా ఒక గది. రోజూ పొద్దున్నే అక్కణ్ణుంచి బయల్దేరి, ఒక ఊరు చూసుకుని, చీకటిపడేలోగా గదికి రావడం. మొదటిరోజు రైల్లో లైట్‌హౌసుకి, రెండోరోజు బస్సులో చెరువుకి, మూడోరోజు రెండు బస్సులు మారి పాత కోటకి, నాలుగోరోజు ఇంటికి. బస్సు తప్పితే తర్వాతి బస్సు ఎప్పుడో, అదీ తప్పితే ఏం చెయ్యాలో కూడా రాశాను.

ఈ వయసులో బస్సులు పట్టుకుని ఊరేగడమేమిటన్నారు ఆయన. అది దాటాక అసలు మాట వచ్చింది: పొద్దున కాఫీ ఎవరిస్తారని. అప్పటికే వంటింట్లో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అంటించాను. చదువుకున్నవారే కదా, చదువుకుని కలుపుకోండి అన్నాను.

ఆడపడుచు కళ్ళజోడు పెట్టుకుని నా కాగితం పైకి చదివింది. "పది ఇరవైకి లైట్‌హౌస్ స్టేషన్లో దిగడం. పది ఇరవై నుంచి పన్నెండు నలభై దాకా బెంచీ. పన్నెండు నలభైకి తిరుగు రైలు." ఆగి నావైపు చూసింది. "ఇదేంటి వదినా? చెరువు దగ్గరా బెంచీయే, కోట దగ్గరా బెంచీయే. బెంచీలు చూడ్డానికా మనం వెళ్ళేది?"

"సామాన్ల దగ్గర ఒకరుండాలిగా" అన్నాను.

"ఏ సామాన్లు? అవి గదిలో తాళం వేసుంటాయి. ఆ ఏర్పాటు చేసిందే నువ్వు."

చేతిలో సంచి ఉండని ప్రయాణాన్ని నా చేత్తోనే రాసుకుని, అందులో కూడా నన్ను తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాను. ఎవరూ చెప్పకుండానే. పక్కన ఆయన చదువుతున్న పేపరు చాలాసేపు పేజీ తిరగలేదు. నేను పెన్సిలు తీసుకుని 'బెంచీ' కొట్టేసి, పక్కన 'మెట్లు' అని రాశాను.

బయల్దేరిన రోజు, వద్దంటున్నా వినకుండా నా సంచి పట్టుకుని స్టేషన్‌దాకా వచ్చారు ఆయన. టికెట్ల దగ్గర వరస పొడుగ్గా ఉంది.

"సామాన్ల దగ్గర మీరుండండి, మేం వెళ్ళి టికెట్లు తీసుకొస్తాం" అన్నాను. ఎత్తిపొడుద్దామని అన్నది కాదు. నలభై ఆరేళ్ళుగా విన్న మాట, నా నోట వచ్చింది.

తిరిగొచ్చేసరికి సంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద వేసి, బెంచీ చివర కూర్చుని ఉన్నారు. "అరగంటైంది" అన్నారు. మళ్ళీ ఆయనే అడిగారు: "గంటలు గంటలు ఏం చేసేదానివి ఇలా కూర్చుని?"

"చదువుకునేదాన్ని" అన్నాను.

రైలు రాగానే ఆయనే సంచి లోపలిదాకా తెచ్చి, సీటు కింద తోసి దిగారు. రైలు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడి ఉన్నారు, నేను నిలబడినట్టే. కిటికీలోంచి చెయ్యి ఊపాను. భయం వేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. మొహానికి గాలి కొడుతోంది, జుట్టు రేగుతోంది. ఇన్నేళ్ళూ మా చెల్లెలు ఆ రోజు వెళ్ళొస్తానని చెయ్యి ఊపిందనే అనుకున్నాను. కిటికీకి ఈవైపు కూర్చున్నాక తెలిసింది, అది నన్ను రమ్మని ఊపిన చెయ్యి.