మలుపు నుంచి గడప దాకా

సారికకు పెళ్లయి యాభై ఆరు రోజులైంది. రోజులు లెక్కపెట్టడం ఇక మానేయాలని యాభయ్యో రోజున అనుకుంది గాని మానలేదు. సిరిసిల్లలో పుట్టి, కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్‌తో బీఎస్సీ చదివి, షోలాపూర్ భవానీ పేట్‌కు కాపురానికి వచ్చిన పిల్ల. ఇక్కడ ఆమెకు ప్రతిదీ ముచ్చటే. కడక్ భాకరి అనే ఎండు జొన్నరొట్టె విరిస్తే అప్పడంలా ఫట్‌మనడం ముచ్చట. అత్తమ్మ "అరె బాప్‌రే" అని మరాఠీలో ఆశ్చర్యపోయి, మరుక్షణం కరీంనగర్ యాసలో తిట్టడం ముచ్చట. పక్క షెడ్డు మగ్గాల సప్పుడు అచ్చం పుట్టింటి సప్పుడే కాబట్టి మొదటి రోజే హాయిగా నిద్రపట్టడం మరీ ముచ్చట.

మగ్గాలకు సుట్టీ ఉన్న రోజు పొద్దున్నే ఆమె భర్త అజయ్ షెడ్డులో బాబిన్ల పెట్టెల మీద నుంచి ఒక అట్టపెట్టె దించాడు. దాని మీద వేలి మందాన దూది దుమ్ము. సారిక పైటకొంగుతో తుడిస్తే కింద పేరు కనబడింది. ఓంకార్.

ఓంకార్ అంటే అజయ్ వాళ్ల అన్న. సారిక ఆయన్ని చూడలేదు. ముందుగదిలో దండ వేసిన ఫొటోగానే తెలుసు. మట్టి ట్రాకుల మీద పందేలకు పోయే పిచ్చి ఉండేదట. ఎత్తైన సీటు, గుబ్బల టైర్ల డర్ట్ బైకు ఒకటి కొని, దాని సైలెన్సర్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, ముద్దుగా తిప్పుకునేవాడట. రెండేళ్ల కింద కామెర్లు వచ్చి పదకొండు రోజుల్లో పోయాడు. అప్పటి నుంచి ఆ బండి మీదే అజయ్ టవళ్ల గోదాముకు పనికి పోయొస్తున్నాడు.

"దవాఖాన మంచం మీద పండుకోనే ఫోన్ల ఆర్డర్ పెట్టిండు," అన్నాడు అజయ్ టేపు కోస్తూ. "దశదినం అయినంక పార్సిల్ వచ్చింది. 'ఓంకార్ ఉన్నడా' అని అడిగిండు తెచ్చినోడు. అమ్మ ఏమన్నదో ఎర్కేనా? బయటికి పోయిండు అన్నది."

పెట్టెలో అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, దానికి తోకల్లాంటి వైర్లు, చిన్న అక్షరాల ఇంగ్లిషు పుస్తకం.

"ఇది ఇప్పుడెందుకు?" అంది సారిక.

"సైలెన్సర్ మారిస్తే ఇంజన్ గాలి ఎక్కువ గుంజుతది. కంపెనీ లెక్క ప్రకారం ఇచ్చే పెట్రోల్ సరిపోదు. ఇట్లనే తిప్పితే వేడెక్కి వాల్వులు కాలిపోతయ్. ఈ కంట్రోలర్ పెడితే ఎంత కావాల్నో అంత ఇయ్యొచ్చు." తల ఎత్తకుండా చెప్పాడు. "నువ్వు చదువు, నేను బిగిస్త."

ఇంతకంటే సారికకు ఏం కావాలి! సీటు ఊడదీశారు. ట్యాంకు లేపి పక్కన చద్దరు మీద పడుకోబెట్టారు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయాలని పుస్తకంలో ఉందని ఆమె మూడుసార్లు చెప్పింది. అజయ్ మూడుసార్లూ "హౌ మేడం" అన్నాడు. ఇంజెక్టర్ ప్లగ్గు ఊడదీసి, ఆ రెండు మొనల మధ్య కొత్త డబ్బా వైర్లను కలిపాడు. టక్ మంది. కమ్మదిద్దుల చీల పడినప్పుడు అయ్యే సప్పుడంత చిన్నది.

"ఇంకోసారి తీసి పెట్టవా?" అంది సారిక.

"ఎందుకు?"

"ఆ సప్పుడు బాగుంది."

అజయ్ గ్రీజు వేలితో ఆమె ముక్కు మీద చుక్క పెట్టాడు. అది అట్లాగే పెట్టుకుని ఆమె మధ్యాహ్నం దాకా తిరిగింది.

డబ్బా సీటు కింద ఒదిగింది. ల్యాప్‌టాప్‌కు తీగ కలిపితే తెర నిండా గడులు తెరుచుకున్నాయి. పైనుంచి కిందికి ఇంజన్ వేగం, అడ్డంగా రేస్ ఎంత తిప్పామన్నది. ప్రతి గడిలో ఒక సున్నా. ఏ గడిలో అంకె పెంచితే ఆ వేగంలో అంత పెట్రోల్ ఎక్కువ పోతుంది.

మామయ్య పాండురంగ్ వచ్చి కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. నలభై ఏళ్లు చద్దర్లకు గ్రాఫు కాగితం మీద నెమళ్లు, పూలు గీసిన మనిషి. మగ్గాల మోతకు చెవులు పోయి, అందరితో అరిచినట్టే మాట్లాడతాడు.

"ఇది గ్రాఫే గదనే! ఏ గడిల ఏ రంగు పడాల్నో నేను నింపిన. నువ్వు పెట్రోల్ నింపుతున్నవ్. అంతే ఫరక్!"

"అంతే మామయ్యా!" అని సారిక కూడా అరిచింది సంబరంగా.

కుంఠా నాకా అవతల ఒక ఖాళీ మైదానం ఉంది. అజయ్ ముందు, ల్యాప్‌టాప్ సంచి వీపున తగిలించుకుని సారిక వెనక. ఆ సీటు ఎక్కడమంటే అటక ఎక్కినంత పని. మైదానంలో అతను తిప్పి రావడం, "నడుమల కొంచెం ఆగి ఆగి పోతది" అనడం, ఆమె ఆ గడుల్లో నాలుగు, ఐదు, ఏడు అని నింపడం, మళ్లీ తిప్పి రావడం. ప్రతిసారీ స్పార్క్ ప్లగ్గు విప్పి చూశారు. మొదట సున్నం రంగులో ఉన్న దాని మొన మూడో ట్రిప్పుకు చాయ్‌లో ముంచిన బిస్కెట్ రంగుకు వచ్చింది. అదే మంచి రంగని పుస్తకంలో ఉంది. సారిక ఆ ప్లగ్గును ఫొటో తీసి పుట్టింటికి పంపితే, వాళ్లమ్మ "ఏందే ఇది, ఏమన్న నగనా" అని అడిగింది.

ఒక్కటే మిగిలింది. వేగంగా వచ్చి రేస్ వదిలితే సైలెన్సర్‌లో పట్ పట్ పటామని పేలుతుంది. ఇంటి గల్లీ మలుపు దగ్గర రోజూ పేలేది అదే. సారిక పుస్తకం వెతికింది. రేస్ పూర్తిగా వదిలేసినప్పటి లెక్క మొదటి నిలువు వరుసలో ఉంటుంది. ఆ వరుస కూడా నింపాలి. నింపింది. ఇంటికి బయల్దేరారు. మలుపు తిరిగారు. బండి నూనె రాసుకున్నట్టు జారి, కిక్కురుమనకుండా గడప ముందు ఆగింది.

"పోయింది! సప్పుడు పోయింది!" సారిక సీటు మీదే చప్పట్లు కొట్టింది.

గడపలో చాట ఒళ్లో పెట్టుకుని అత్తమ్మ అనసూయ బీడీలు చుడుతోంది. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా ఆమె వేళ్లు ఆగవు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మొన మడిచి, దారం కట్టడం వాటంతటవే చేసుకుపోతాయి. ఇప్పుడు ఆగాయి. సగం చుట్టిన ఆకు విప్పుకుని తంబాకు చాటలో రాలింది.

"మంచిగైందా?" అంది అనసూయ.

"ఫస్ట్ క్లాస్ అత్తమ్మా!"

"మంచిదే బిడ్డా," అని ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

మరునాడు సాయంత్రం అజయ్ పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే అనసూయ ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చినవు?" అని, లేచి స్టవ్ మీద గిన్నె పెట్టింది. ఆ మరునాడూ అంతే. మూడో నాడు సారికకు తట్టింది. అజయ్ చెప్పు విడిచే లోపలే గ్లాసులో చాయ్ పొగలు కక్కుతుండటం ఈ ఇంట్లో తనకు మొదట నచ్చిన వాటిలో ఒకటి. అది ఎట్లా సాధ్యమో ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ పక్కన కూర్చుని, తునికాకులకు తడి చల్లుతూ అడిగింది. "సప్పుడు విని చాయ్ పెట్టేదానివా అత్తమ్మా?"

అనసూయ చుట్టిన బీడీని చాటలో పెట్టింది.

"మలుపు కాడ ఆ పటాకులు పేలుతుండె చూడు, అవి మా ఓంకార్‌వి. వాడు సైలెన్సర్ మార్చిన నాడు గల్లీ అంత లొల్లి పెట్టింది. పక్కింటి సోనాలి వాళ్ల ముసలమ్మ గుండె ఆగుతది, తీసెయ్యరా అని నేనే మొత్తుకున్న. ఇంటడా?" నవ్వింది. "ఆడ పేలినంక ఈడికి వచ్చి దిగేదాక రెండు బీడీలు సుట్టుకోవచ్చు. అంత సేపు పడుతది. వచ్చేది అజయ్ అని నాకు ఎర్క లేదా? ఎర్కనే. పిచ్చిదాన్నా నేను. గని వాడు దిగి లోపలికి వచ్చేదాక... ఆ రెండు బీడీల సేపు... ఓంకార్ వస్తున్నడు. అంతే."

సారిక చేతిలోని తడి గుడ్డ నుంచి నీళ్లు చీర మీద కారుతున్నాయి. ఆమె చూసుకోలేదు. సీటు మీద కూర్చుని తను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి, అరచేతులు దాచుకోవాలనిపించింది.

సుట్టీ రోజు మళ్లీ వచ్చింది. షెడ్డులో అజయ్ బండి తుడుస్తుంటే, సారిక ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లింది. మాటలన్నీ వరుసగా పేర్చుకుని పోయింది. "మొదటి వరుస ఒక్కటి మళ్ల సున్నాలు చేస్త. రేస్ వదిలినప్పుడు ఇంజన్ మీద బరువు ఉండదు, ఏం కాలిపోదు. మిగతా గడులన్నీ అట్లనే ఉంటయ్. సప్పుడు ఒక్కటే వస్తది. అత్తమ్మ కోసం."

"వద్దు," అన్నాడు అజయ్.

"వాల్వులకేం కాదని చెప్తున్న గద."

"వాల్వుల కోసం పెట్టలేదు సారికా." గుడ్డ పిడికిట్లో నలిపాడు. "రెండేండ్ల సంది రోజు నేను గుమ్మంల అడుగుపెడుత. అమ్మ చాయ్ పట్టుకుని మొఖం ఇట్ల లేపుతది. వెలిగిపోతుంటది. నన్ను చూస్తది. గంతే, ఆరిపోతది. రోజు. మళ్ల 'వచ్చినవా బిడ్డా' అంటది, నవ్వుతది, పాపం ఏం అన్నది ఆమె నన్ను? గని నేను రోజు సాయంత్రం ఆ గుమ్మంల నిలవడి అన్న సచ్చిపోయిండని మళ్ల చెప్పినట్టే ఉంటది నాకు. బండి అమ్ముదామంటే అమ్మ ఒప్పది. అందుకే ఆ డబ్బా దించిన."

యాభై రోజులకు పైగా లెక్కపెట్టుకున్న సంతోషంలో ప్రతి సాయంత్రం ఇది ఉందన్నమాట. తను చాయ్ పొగలు చూసింది, ఆ రెండు ముఖాలు చూడలేదు. అతని పక్కన నేల మీద కూర్చుంది. అతని గ్రీజు చేయి పట్టుకుంది.

అజయ్ గుడ్డ పక్కన పెట్టి అన్నాడు. "వెయ్యి. సున్నాలు వెయ్యి."

"నీకు..."

"అమ్మకు ఉన్నది ఆ రెండు బీడీల సేపే గదా. వెయ్యి."

షెడ్డుకూ వంటింటికీ మధ్య రేకు గోడ ఒక్కటే ఉందని అప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు.

మరునాడు సాయంత్రం మలుపు దగ్గర పట్ పట్ పటామని పేలింది. సారిక వంటింట్లో కొత్తిమీర తుంచుతోంది. అనసూయ చాట దించి లేచింది. పరుగున వచ్చి స్టవ్ వెలిగించింది. అప్పటికే కాగి ఉన్న చాయ్ మరో పొంగు పొంగింది. గ్లాసులో పోసింది. బండి ఆగిన సప్పుడు. స్టాండు వేసిన సప్పుడు.

అనసూయ గుమ్మం వైపు తిరగలేదు. గోడకు ముఖం పెట్టి నిలబడింది. అజయ్ లోపలికి అడుగుపెట్టాడు.

"చాయ్ తీస్కో అజయ్," అంది, అతన్ని చూడకుండానే, గ్లాసు వెనక్కి చాపి.

అజయ్‌కు ఆమె వీపు మాత్రమే కనబడింది. పక్కన ఉన్న సారికకు ముఖం కనబడింది. అది వెలిగింది, ఆరింది. ఆరడం ఎవరికీ కనబడకుండా ఆరేందుకు అనసూయ పళ్లు బిగబట్టుకుని, స్టవ్ మీది ఖాళీ గిన్నెను చూస్తోంది. అజయ్ గ్లాసు అందుకున్నాడు. ఆ వీపును చూస్తూ అక్కడే నిలబడ్డాడు. నిన్నటి మాటలు ఆమె విన్నదని అతనికీ అర్థమైంది. చాయ్ చల్లారిపోయింది.

అతను స్నానానికి పోయాక అనసూయ కొంగుతో ముఖం తుడుచుకుని సారిక దగ్గరికి వచ్చింది.

"ఆ డబ్బా పుస్తకం తే బిడ్డా. ఆ గడులు తే."

"అత్తమ్మా..."

"ఒక్క కొడుకు కోసం ఇంకో కొడుకు దిక్కు పెడమొఖం పెట్టినా? ఇది ఓంకార్ సప్పుడు కాదిప్పుడు. మీరిద్దరు నా కోసం చేసి పెట్టింది. నాకు ఎర్కైనంక ఇంకేం వినవడ్తది." కొంగు నడుముకు దోపింది. "ఏది నొక్కాలె, చూపెట్టు."

షెడ్డులో బండికి తీగ కలిపి, సారిక మొదటి నిలువు వరుస చూపించింది. ఆకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారిన వేలితో అనసూయ ఒక్కో గడిలో ఒక్కో అంకె నొక్కింది. ఆరు. ఆరు. ఎనిమిది. కొన్ని తప్పు పడ్డాయి. తుడిచి మళ్లీ నొక్కింది. చిట్టచివరి గడి దగ్గర వేలు చాలాసేపు గాల్లో ఆగింది. సారిక తొందరపెట్టలేదు. ఎక్కడో ఒక మగ్గం మొదలైంది. అప్పుడు నొక్కింది.

మరునాడు సాయంత్రం అనసూయ చాటను గడపలో కాక బయట అరుగు మీద పెట్టుకుని కూర్చుంది, మలుపు కనబడేట్టు. సప్పుడు ఉండదు కాబట్టి ఇక చూస్తూ కూర్చోవాలి. వేళ్లు వాటి పని అవి చేస్తున్నాయి. కళ్లు మాత్రం మలుపు మీద. బండి మలుపు తిరిగింది. నిశ్శబ్దంగా, దుమ్ములో, అజయ్. వేరే ఎవరూ కాదు, అజయ్. ఆమె వాణ్ణి అంత దూరం నుంచి, రెండు బీడీల సేపు, కన్ను ఆర్పకుండా చూసింది.

"వచ్చినవా," అంది. "ఎండకు ఎట్ల నల్లవడ్డవురా."

అజయ్ తల్లి ముఖంలోకి చూశాడు. ఆ వెలుగు కోసం వెతికాడు. దొరకలేదనుకుంటా, నవ్వబోయి, తల వంచుకుని లోపలికి పోయాడు.

అనసూయ మాత్రం లేవలేదు. ఖాళీ మలుపు వైపే మరి కాసేపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు చాయ్ సంగతి ఎవరూ అడగలేదు.