కిటికీ పక్క చోటు

మా ముందుగదిలో కిటికీ పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు ఉంది. మా ఆయన పోయింది అక్కడే. గుండెజబ్బు బయటపడ్డాక, ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఆవిడ దగ్గర చీగాంగ్ అనే చైనా వ్యాయామం నేర్చుకున్నారు. మోకాళ్లు కాస్త వంచి, పెద్ద కుండను కావలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పట్టి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం. ఒక పొద్దున అలా నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒరిగిపోయారు. గుండె అప్పటికే బాగా దెబ్బతిందనీ, చీగాంగ్‌ది తప్పు కాదనీ డాక్టరు చెప్పారు. ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

ఇప్పుడు అదే గుండె మా అమ్మాయికి వచ్చింది. కళ్లద్దాల దుకాణంలో దాని పని. అద్దం అరగదీస్తూ ఉండగా ఉన్నట్టుండి చెమటలు, దడ, చచ్చిపోతానేమోనన్న భయం. మందులిచ్చారు, బరువుల జోలికి పోవద్దన్నారు. మందులతో పాటు చీగాంగ్ చేస్తే మనసు కుదుటపడుతుంది, గుండెకూ మంచిదే అన్నారు. చేయడం మొదలుపెట్టాక దడ తగ్గిన మాట నిజం. కానీ ఎక్కడ చేస్తోంది? సరిగ్గా ఆ చోట్లోనే.

“మేడ మీద చేసుకోరాదూ?”

“మెట్లెక్కితే ఆయాసం. తెలీనట్టు అడుగుతావేం?”

“పోనీ వంటింట్లో.”

“నీ గిన్నెల మధ్యా? చెయ్యి చాపితే డబ్బాలన్నీ నెత్తిన పడతాయి. గుండె సంగతి తర్వాత, ముందు తలకి కుట్లు వేయించాలి.”

“ఆ చోటే ఎందుకే?”

“అక్కడ నిలబడితే వెనక నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుందమ్మా. భయం వేయదు.”

పట్టుకున్నవాళ్లు వదలకపోతే?

మర్నాడు అది పనికి వెళ్లగానే దుప్పట్ల ఇనప్పెట్టెను ఈడ్చుకొచ్చి అక్కడ పెట్టాను. రాత్రి అది చూసింది, అన్నం తిని పడుకుంది. పోనీలే, గండం గడిచిందనుకున్నాను.

తెల్లవారి గరగరమని చప్పుడైతే లేచి పరుగెత్తాను. పెట్టెను నెట్టడానికి ఒంగినది ఒంగినట్టే ఆగిపోయింది. మొహంలో నెత్తురు లేదు. ఒక చెయ్యి గుండె మీద.

“ఏం పనే ఇది! నన్ను పిలవకూడదూ?”

కూర్చోబెట్టి మాత్ర ఇచ్చాను. ఊపిరి కుదుటపడేదాకా దాని మణికట్టు వదల్లేదు.

“ఏం పెట్టావమ్మా అందులో, పక్కింటి లావు పిన్నినా?” అంది చివరికి. నవ్వబోయింది, నవ్వు రాలేదు. “నాన్నను చంపింది ఆ చోటు కాదమ్మా. నన్ను మాత్రం ఈ పెట్టె చంపేలా ఉంది.”

దుప్పట్లన్నీ బయటపడేసి, ఖాళీ పెట్టెను నేనే వెనక గదిలోకి లాగేశాను.

ఆ తర్వాత రెండు రోజులు పడుకోబెట్టాను. మూడోనాడు అది మళ్లీ కిటికీ పక్కకు వెళ్లింది. నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను.

“అలా కాపలా కాస్తే నాకు ఊపిరాడదు. రా, ఎదురుగా నిలబడు. కళ్లు మూసుకో. నోరు కూడా.”

నిలబడ్డాను. చేతులు గుండ్రంగా పట్టాను. ఒక కన్ను కొంచెం తెరిచే ఉంచాను, ఆ మాత్రం లేకపోతే నావల్ల కాదు. దాని ఛాతీ మెల్లగా పైకి లేస్తోంది. ఇంకా పీలుస్తోంది. మొహం ఎంత నిమ్మళంగా ఉందో!

అప్పుడు నా వెనక ఎవరో ఊపిరి వదిలారు. పొడుగ్గా, చివర సన్నటి ఈలతో. ఇన్నేళ్లు పక్కన పడుకున్నదాన్ని, ఆ ఈల ఎవరిదో నాకు తెలియదా?

గొంతు దాకా వచ్చిన కేకను మింగేశాను. తిరిగి చూడలేదు. నేను కదిలితే అమ్మాయి ఉలిక్కిపడి కళ్లు తెరుస్తుంది.