స్కాను తీసిన సాయంత్రం

మూడు నెలలకోసారి ఆ ఇంట్లో పొద్దు పస్తుతో మొదలయ్యేది. రక్తపరీక్షకి తినొచ్చమ్మా అని నర్సు ఎన్నిసార్లు చెప్పినా చెల్లెలు వినేది కాదు. ఆమె తినలేదని అక్కా తినేది కాదు.

"రక్తం ఇచ్చేది నేను. నీకెందుకక్కా పస్తు?"

"నాకు ఆకలి లేదు. నోరు మూసుకుని చెప్పులేసుకో."

పెళ్ళిళ్ళు ఇద్దరికీ కలిసిరాలేదు. ఒకరికొకరే మిగిలారు. చెల్లెలికి అండాశయంలో కాన్సర్ వస్తే, ఆపరేషన్‌కీ కీమోకీ తోడుండి లాక్కొచ్చింది అక్కే. ఇప్పుడిక కాపలా. రక్తంలో కాన్సర్ జాడ చెప్పే మార్కర్ గీత దాటకపోతే మళ్ళీ మూడు నెలలు ఊపిరి. దాటితే స్కాను. గీతట, గీత! మనిషి బతుకుని దాని మీద నిలబెట్టి, పేరు పిలిచేదాకా కూర్చోమంటారు.

అక్క ఆస్పత్రి వీధిలోనే బట్టలు కుట్టేది. స్కానుకి ముందు ఎక్కించే మందు కాన్సర్ గడ్డల దగ్గర చేరి, తెల్లారేదాకా చర్మంలోంచి వెలిగేది కదా. బస్సులో ఎవరి చొక్కాలోంచైనా ఆ వెలుగు కనబడితే జనం లేచి చోటిచ్చేవాళ్ళు. ఆ జాలి పడలేనివాళ్ళు అక్క దగ్గరకొచ్చేవాళ్ళు. ఆమె సీసం కలిసిన నల్లటి మందపు లైనింగు వేసి కోట్లు కుట్టిచ్చేది.

ఈసారి చెల్లెలి మార్కర్ గీత దాటింది. స్కాను తీయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరారు. చెల్లెలు కోటు విప్పింది. కీమో అయ్యాక తీసినప్పుడు ఒక్క చుక్క కూడా వెలగలేదు. ఇప్పుడు పక్కటెముకల నుంచి నడుము దాకా, పూసల దండ తెగి చెల్లాచెదురైనట్టు వెలుగులు. ఇద్దరూ చూశారు.

అంతలో కరెంటు పోయింది.

"నేనున్నాగా, సూదిలో దారం ఎక్కించుకో," అంది చెల్లెలు.

"నీ నోట్లో మన్ను పడ. ఇప్పుడా వేళాకోళం?" అంది అక్క. అంటూనే ఆ వెలుతురులోనే దారం ఎక్కించింది. మర్నాటికివ్వాల్సిన జాకెట్టు పట్టుకుని చెల్లెలికీ గోడకీ మధ్య నిలబడింది.

ఆ వెలుతురు ఒంట్లోంచి దూసుకుపోతుంది. అక్క నీడ గోడ మీద ఎముకలతో సహా పడింది. పొత్తికడుపులో ఎడమవైపు, గుండీ అంత, నల్లగా ఒక ముడి.

"అక్కా, కదలకు."

"ఏమైందే?"

"కదలకన్నానా... నీకూ ఉంది."

అక్క మెడ తిప్పి చూసింది. "ఈ జాకెట్టు గుండీ అయ్యుంటుంది."

"దానికి హుక్కులు కదక్కా. కుడుతోంది నువ్వే."

అక్క గోడకి వీపు తిప్పేసింది. "ఉంటే ఉండనీ. ముందు నీ సంగతి తేలనీ."

"నా సంగతి తేలిపోయింది, కనబడట్లా? ఈ వెలుతురు నాకెలాగూ పనికిరాదు. నువ్వన్నా వాడుకో."

మర్నాడు డాక్టరమ్మ స్కాను చాలాసేపు చూసి, ఇక మందులు పనిచేయవని చెప్పింది. నొప్పి లేకుండా చూసుకుందామంది.

"సరే," అంది చెల్లెలు. "ఇప్పుడు మా అక్కని చూడండి. రాత్రి గోడ మీద చూశాను, ఎడమవైపు."

డాక్టరమ్మ మారు మాట్లాడకుండా రక్తం తీయించింది. అక్క మార్కర్ గీతకి చాలా కిందే ఉంది.

"రక్తంలో ఏమీ తేలలేదమ్మా."

"నాకూ మొదట్లో తేలలేదు. స్కాను తీయండి."

తీశారు. గుండీ అంత గడ్డ, ఎడమ అండాశయంలో.

"చాలా తొందరగా దొరికింది," అంది డాక్టరమ్మ. "అదృష్టవంతులు."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "ఆ మాట దీని ముందు అనకండి!" అని అరిచింది. చెల్లెలు పోయేదాకా ఆపరేషన్ వద్దని పట్టుపట్టింది. గడ్డ తనలోనే ఉండనీ, చెల్లెలి పక్కన మాత్రం తనుండాలి.

చెల్లెలు ఒకటే మాటంది. "చేయించుకోకపోతే నీతో మాట్లాడను. నాకింకెన్నాళ్ళు మాటలుంటాయో నీకు తెలుసు."

ఇంతకన్నా అన్యాయమైన బెదిరింపు ఎవరైనా విన్నారా? అక్క లొంగిపోయింది. చెల్లెలు కూడా అదే ఆస్పత్రిలో చేరింది, పై అంతస్తులో. అక్క కుట్లు పచ్చిగా ఉండగానే చెల్లెలు పోయింది. అక్క మెట్లెక్కుతానంటే నర్సులు ఎక్కనివ్వలేదు. పిచ్చిదానిలా తిట్టింది. అయినా వాళ్ళు వదల్లేదు.

తర్వాత మూడు నెలలకి అక్క ఒక్కతే వెళ్ళి రక్తమిచ్చింది. గీతకి కిందే ఉంది. ఆమె రక్తాన్ని నమ్మలేక స్కానూ తీశారు, ఎక్కడా చుక్క వెలగలేదు.

కొత్త నర్సు పిల్ల కళ్ళు మెరిసిపోయాయి. "ముందు ఇంటికి ఫోన్ చేసి చెప్పండమ్మా. పాపం, ఎదురుచూస్తుంటారు."

అంత సంతోషంలో ఉన్న పిల్లకి ఏం చెప్తుంది?

"చెప్తానమ్మా," అంది అక్క.